కులం పేరు పిలవడం వేరు, కులం గురించి చదవడం వేరు

జూన్‌లో బళ్ళు తెరిచారంటే చాలు, శ్రీకాకుళం, విజయనగరం ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్ళీ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది. చిన్నపిల్లలకి కులం తెలియదు. సామాజిక న్యాయం పాఠాల పేరుతో బడే ఆ విషం ఎక్కిస్తోంది. మన జిల్లాల్లో అలాంటి గొడవల్లేవు. అందరూ ఒకే అన్నం తింటున్నారు, ఒకే గదిలో కూర్చుంటున్నారు, అంతకంటే ఏం కావాలి? పాఠం చెబితే కొందరు పిల్లలు నొచ్చుకుంటారు, తల్లిదండ్రులు గొడవకొస్తారు. పైగా ఇది సిలబస్ కాదు, రాజకీయం. జయంతులు చేస్తున్నాం కదా, చాలు.

దీన్ని పంచుతున్నవాళ్ళలో పిల్లలంటే ప్రాణం పెట్టే టీచర్లూ ఉన్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు చెప్పాలి.

"చిన్నపిల్లలకి కులం తెలియదు, బడే నేర్పుతోంది."

మొదటి ముక్క తప్పు. ఏ ఇంట్లోకి నేరుగా వెళ్ళిపోవచ్చో, ఏ ఇంటి గుమ్మం దగ్గర ఆగి పిలవాలో ఒకటో తరగతిలో చేరేనాటికే పిల్లకి తెలుసు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. ఊరు ఎక్కడ ఆగి దళితులుండే పేట ఎక్కడ మొదలవుతుందో చూస్తూనే పెరుగుతుంది.

రెండో ముక్కలో నిజముంది. బడి కులాన్ని నేర్పుతుంది, అయితే పాఠంలో కాదు. ఉపకారవేతనాల ఫారాలు వచ్చిన రోజు "ఎస్సీలు లేచి నిలబడండి, ఎస్టీలు చేతులెత్తండి" అన్నప్పుడు నేర్పుతుంది. మరుగుదొడ్డి దగ్గర నీళ్ళు పొయ్యడానికి ప్రతిసారీ రెల్లి (తరతరాలుగా పారిశుధ్య పనుల్లో ఉన్న దళిత కులం) వీధి పిల్లల్నే పంపినప్పుడు నేర్పుతుంది.

అలా పిలవడం వల్ల ఏమవుతుందో పరీక్షించి చూసినవాళ్ళున్నారు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల అబ్బాయిల చేత కాగితం మీద చిక్కుదారుల పజిళ్ళు చేయించారు. ఎన్ని చేస్తే అంత డబ్బు. ఫలితాలను 2004లో ప్రపంచ బ్యాంకు ప్రచురించింది. కులం ఊసెత్తనప్పుడు పైకులాల పిల్లలూ కిందికులాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. అదే ఆటకి ముందు ఒక్కొక్కరి పేరూ, ఊరూ, తండ్రి పేరూ, కులమూ అందరి ముందూ చదివాక కిందికులాల పిల్లలు చేసిన పజిళ్ళు గణనీయంగా తగ్గాయి. సందేశం రాసినవాళ్ళు భయపడుతున్న హాని నిజమే. ఆ హాని పేరు పెట్టి పిలవడంలో ఉంది. ఆ పిలుపు తప్పని చెప్పే పాఠాన్ని ఆపేసి, పిలుపుని మాత్రం ఉంచుకున్నాం.

కాబట్టి మొదటి పని ఫారాల దగ్గరే. జాబితా ప్రధానోపాధ్యాయుల దగ్గరే ఉండాలి. తరగతి లీడరు చేతికిచ్చామా, మధ్యాహ్నం గంట కొట్టేలోపు గదంతా తిరుగుతుంది. పిలవాల్సి వస్తే దాఖలా నంబరుతో, ఒక్కొక్కరిని ఆఫీసు గదికి పిలవాలి. ధ్రువపత్రం తేనివాళ్ళ పేర్లు ప్రార్థన దగ్గర చదవకూడదు. కబురు తల్లిదండ్రులకే పంపాలి. ఊడ్పు, నీళ్ళు, గంట కొట్టడం, పుస్తకాలు మోయడం, ఈ పనులన్నీ ఒకే చార్టులో రాసి వారం వారం మార్చాలి. చార్టు ఉన్నా తప్పు జరిగే చోటు ఒకటుంది. "ఇవాళ వాడు రాలేదు, నువ్వెళ్ళు" అన్నప్పుడు ఆ 'నువ్వు' మళ్ళీ పాత పిల్లే అవుతుంది. రాని పిల్లకి బదులెవరో కూడా చార్టులోనే ఉండాలి.

"మన జిల్లాల్లో అలాంటివి లేవు."

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో 5గురు దళితులను చంపారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించిన భూమి దగ్గర మొదలైన తగవు అది. అప్పుడు ఆ ఊరు శ్రీకాకుళం జిల్లా, 2022లో జిల్లాల విభజన తర్వాత విజయనగరం జిల్లా. ఆ ఊరి పేరు తెలిసిన ఎవరూ ఈ వాక్యాన్ని ముందుకు పంపకూడదు.

"ఒకే అన్నం తింటున్నారు కదా!"

బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. వంటవాళ్ళ నియామకంలో దళితులకూ ఆదివాసీలకూ ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఎవరు వండారన్నది పట్టించుకోని దేశమైతే రెండో ఆదేశం అవసరమే ఉండేది కాదు.

పళ్ళెంలో ఏముందో చూస్తే సరిపోదు, వరసని చూడాలి. కేంద్ర ప్రమాణం ప్రకారం 1 నుంచి 5 తరగతుల పిల్లకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. 6 నుంచి 8 వరకు 150, 30, 75. వరస చివర నిలబడే పిల్లకి సాంబారులో పప్పు మిగలదు, నీళ్ళే వస్తాయి. ఎప్పుడూ ఒకే పిల్లలు చివర ఉంటే వాళ్ళకి ఆ 20 గ్రాములు అందనట్టే. వరస మొదలయ్యే చోటు రోజూ మార్చాలి, గరిట అందరికీ ఒకటే కావాలి, ఒక్కో వాయికి ముందు గిన్నె అడుగు నుంచి కలపాలి. టీచరు కూడా అదే వరసలో, అదే అన్నం తినాలి. ఇంటి నుంచి క్యారేజీ తెచ్చే పిల్లలు ఎందుకు తెస్తున్నారో నెమ్మదిగా కనుక్కోవాలి. అనారోగ్యమైతే సరే. వంటమనిషి కులమే కారణమైతే ఆ మాట పెద్దలతోనే తేల్చుకోవాలి, పిల్ల మీద పెట్టకూడదు.

దీన్నే లెక్కల పాఠం చెయ్యొచ్చు. 5 రోజులపాటు పిల్లలే గమనించి, వరసలో స్థానాలనూ కూర్చున్న చోట్లనూ గళ్ళ కాగితం మీద గుర్తిస్తారు. పేర్లు రాయకూడదు, చోట్లే రాయాలి. పేర్లు రాస్తే అది ఫిర్యాదుల చిట్టా అయిపోతుంది.

"కలిపి కూర్చోబెట్టాం, స్నేహం అదే వస్తుంది."

రాదు. కలవడం వల్ల ద్వేషం తగ్గాలంటే నాలుగు కావాలని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లోనే రాశాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, ఒకరికొకరు సాయపడే పని, పెద్దల మద్దతు. మ్యాట్ లో అనే ఆర్థికవేత్త మన దేశంలోనే వేర్వేరు కులాల యువకులతో క్రికెట్ జట్లు కట్టించి చూశాడు. ఒకే జట్టులో ఆడినవాళ్ళకి ఇతర కులాల స్నేహితులు పెరిగారు. ప్రత్యర్థులుగా మాత్రమే ఎదురుపడ్డవాళ్ళలో ఇతర కులాలవాళ్ళతో పలకరింపులు తగ్గాయి. వీధుల వారీగా జట్లు కట్టి కబడ్డీ పెట్టే బళ్ళు ఈ ఫలితం గురించి ఆలోచించాలి.

తరగతి గదిలో అన్నింటికంటే బాగా పనిచేసే పద్ధతి ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వవేత్త 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో మొదలుపెట్టినది. 30 మంది తరగతైతే ఐదేసి మందితో 6 జట్లు, అన్ని వీధుల పిల్లలూ కలిసేలా, టీచరే కట్టాలి. ఎంచుకోమంటే స్నేహితులే జట్టవుతారు. పాఠాన్ని 5 ముక్కలు చెయ్యాలి. ఉదాహరణకి 'మన ఊరి వలసలు': చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళడం, హైదరాబాద్, చెన్నైలలో కట్టడం పనులు, ఇంటి దగ్గర తాతమ్మల దగ్గరుండే పిల్లలు, ఇంటికొచ్చే డబ్బు, వెళ్ళినచోట ఎదురయ్యే కష్టాలు. జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. ఒకే ముక్క వచ్చిన ఆరుగురూ ఒకచోట చేరి 15 నిమిషాలు చదివి, ఎలా చెప్పాలో అనుకుంటారు. తర్వాత సొంత జట్టుకి వెళ్ళి ఒక్కొక్కరు 4 నిమిషాలు చెబుతారు. చివర పరీక్ష ఎవరిది వాళ్ళదే, మొత్తం పాఠం మీద. పక్కవాడు చెప్పింది వినకపోతే మార్కు పోతుంది, అందుకే వింటారు. దీనికి రెండు పీరియడ్లు కావాలి. ఒక్కదానిలో కుక్కితే చెప్పే భాగమే తెగిపోతుంది.

ఇది చెడేది ఎక్కువగా మూడు చోట్ల. చురుకైన పిల్ల అందరి ముక్కలూ తనే చెప్పేస్తుంది: అప్పుడు ఆమెకి ప్రశ్నలడిగే పని అప్పగించాలి. ఒక పిల్ల రాకపోతే ఆ ముక్క లేకుండా పోతుంది: పక్క జట్టు నుంచి ఒకర్ని అరువు తెచ్చుకోవాలి. సీతంపేట వైపు సవర ఆదివాసీ పిల్లలు తెలుగులో రాసిన ముక్క చదివి మౌనంగా ఉండిపోతారు: అలాంటి ఇద్దర్ని ఒకే ముక్క దగ్గర కూర్చోబెట్టి, ముందు తమ సవర భాషలో మాట్లాడుకోనివ్వాలి. జట్లని కనీసం రెండు నెలలు మార్చొద్దు. ఒక్కసారి చేసి ఫలితం లేదనడం మొక్క నాటిన మర్నాడు పీకి వేరు చూసినట్టే.

"పైకులాల పిల్లలు నొచ్చుకుంటారు."

పాఠం చెడ్డగా చెబితే నొచ్చుకుంటారు, నిజమే. "మీ వాళ్ళు చేశారు" అనే మాట గదిలోకి రాకూడదు. కొందరు ఉత్సాహంతో ఒక రోజంతా కొంతమంది పిల్లల్ని అంటరానివాళ్ళుగా ఆడిస్తారు, అది అసలొద్దు. "నీకు జరిగిన అవమానం చెప్పు" అని నిలబెట్టడం అంతకంటే పాపం. ఊరూ పేరూ లేని మూడో వ్యక్తి కథనం ఇచ్చి, ఇక్కడ నువ్వు పక్కనుంటే ఏం చేస్తావని అడగాలి. పక్కనున్నవాడి పాత్ర ఏ పిల్లకైనా సరిపోతుంది. ఢిల్లీ ప్రైవేటు బళ్ళలో పేద పిల్లలకి సీట్లిచ్చాక గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. పేద పిల్లలతో కలిసి చదివిన డబ్బున్న పిల్లల్లో ఉదారత పెరిగింది, పేదవాళ్ళ పట్ల వివక్ష తగ్గింది.

"ఇది రాజకీయం." పాఠ్యప్రణాళిక రాజ్యాంగ విలువలకి తగ్గట్టు ఉండాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ 17వ సెక్షన్ నిషేధిస్తోంది. పార్టీల పేర్లూ అభ్యర్థుల పేర్లూ గదిలోకి రాకుండా చూసుకుంటే చాలు.

"జయంతులు చేస్తున్నాం." ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఎవరి జయంతో అందరికీ తెలుసు. మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గురించి ఆ రోజు వాడుక భాష ఉపన్యాసాలే ఉంటాయి. ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకి ఆ భాషలోనే పుస్తకాలు రాసి, బళ్ళు నడిపించిన సంగతి ఎన్ని బళ్ళలో చెబుతున్నాం? దండ వెయ్యడానికి పట్టే పది నిమిషాల్లో ఇది చెప్పొచ్చు.

"తల్లిదండ్రులు గొడవకొస్తారు." చెప్పకుండా మొదలుపెడితే వస్తారు. చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు. మొదటి పాఠానికి 15 రోజుల ముందు వాళ్ళని కూర్చోబెట్టి పాఠం కాగితం చేతికివ్వాలి, చదవలేనివాళ్ళకి చదివి వినిపించాలి, మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలో వేలిముద్రలో తీసుకోవాలి. సభ ఉపాధి పనికి వెళ్ళే వేళ పెడితే పేట నుంచి ఎవరూ రాలేరు, సాయంత్రం పెట్టాలి. ఒకసారి బడిలో పెడితే ఇంకోసారి పేటలో, అక్కడి రామమందిరం అరుగు మీదో చర్చి ముందో పెట్టాలి, ఊరివాళ్ళు నడిచి అక్కడికి వచ్చేలా.