మా ఇంటి దొంగనిద్ర

హనుమకొండలోని మా ఇంట్లో రోజూ రాత్రి పదిన్నరకు ఒక క్రతువు జరుగుతుంది. కంప్యూటర్‌లో 'షట్ డౌన్' నొక్కుతాను. తెర నల్లబడుతుంది, ఫ్యాన్ హోరు ఆగుతుంది, బాధ్యత తీరిన గృహస్థులా వెళ్లి పడుకుంటాను. మొన్న ఎందుకో లోపల ఏమేం నడుస్తున్నాయో చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే, 'అప్ టైమ్' (ఆగకుండా నడుస్తున్న కాలం) అన్నచోట 23:04:17:09 అని కనబడింది. ఇరవై మూడు రోజుల నాలుగు గంటలు. నేను జోకొట్టి పడుకోబెట్టిన మహానుభావుడు ఇన్నాళ్లుగా కళ్లు మాత్రమే మూసుకున్నాడన్నమాట.

ఈ దొంగనిద్రకు ముద్దుపేరు ఫాస్ట్ స్టార్టప్. 2012లో విండోస్ 8తో వచ్చింది. మనం ఆపమనగానే తెరిచినవన్నీ మూసేసి, తానూ ఆగినట్టు నటించి, విండోస్ గుండెకాయ లాంటి లోపలి కెర్నల్‌ను మాత్రం చాపలా చుట్టి డిస్కులో ఒక ఫైలులో దాచుకుంటుంది. పొద్దున అదే చాప పరుస్తుంది, నిన్నటి నల్లులతో సహా. ప్రింటర్ నిన్న కనబడలేదా? ఈ రోజూ కనబడదు. నిజంగా ఆగాలంటే 'రీస్టార్ట్' నొక్కాలట! ఆపమంటే ఆగదు, మళ్లీ మొదలుపెట్టమంటేనే ఆగుతుంది. పొద్దున నాలుగు క్షణాలు మిగల్చడానికి ఇంత నాటకం. మిగిలిన ఆ క్షణాల్లో నేను ఏ గ్రంథమూ రాయలేదు.

గాలివాన రాత్రి సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. పోయిన కరెంటు రాత్రి రెండింటికి వచ్చింది. ఎవరూ ముట్టుకోకుండానే కంప్యూటర్ లేచి కూర్చుంది. హాలంతా నీలి వెలుగు. మా అత్తగారు మంచం మీంచే "ఎవరది?" అని గద్దించారు. అది మర్యాదగా స్వాగత రాగం వినిపించింది. ఆ కేకకు పక్కింటి పెద్దాయన టార్చితో వచ్చారు. కాజీపేట నుంచి ఏళ్ల తరబడి డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి. నేల మీద చతికిలబడి సీపీయూకి చెవి ఆనించారు. అత్తగారు, డాక్టరుకు ఇచ్చినట్టు, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చారు. ఆయన రెండు నిమిషాలు విని, నీళ్లు తాగి, "బిడ్డా, దీన్ని ఎవరూ ఆపలేదు. సిగ్నల్ దగ్గర నిలబెట్టారు, అంతే" అని తేల్చారు.

(ఆ రాత్రి జబ్బు వేరు. కరెంటు రాగానే లేవమని, విండోస్ కంటే ముందే మేలుకునే బయాస్‌లో ఒక సెట్టింగు ఉంటుంది, దాన్ని ఆఫ్ చేస్తే చాలు. ఆయన పట్టుకున్నది మాత్రం అసలు జబ్బు.) అత్తగారు ఇప్పటికీ దాని వైపు కాళ్లు పెట్టి పడుకోరు.

చదువురాని యంత్రాన్ని క్షమించవచ్చు. నిపుణుడి సంగతి వేరు. రెండేళ్ల క్రితం ఇదే రోగానికి కంప్యూటర్‌ను ఒక దుకాణానికి మోసుకెళ్లాను. అక్కడి కుర్రాడు మూత కూడా తీయకుండా "ఫార్మాట్ కొట్టాలి సార్" అన్నాడు. అంటే విండోస్ ఉన్న డ్రైవంతా తుడిచేసి మళ్లీ ఎక్కించడం. జలుబుకూ అదే, జ్వరానికీ అదే. అయిదు వందలు తీసుకుని, రెండు రోజుల తర్వాత కడిగిన పళ్లెంలా తిరిగిచ్చాడు.

డెస్క్‌టాప్ మీద 2014 మేడారం జాతర ఫోటోలుండేవి. నిలువెత్తు బంగారం తూచే కాంటాలో మా అమ్మ, అవతలి తట్టలో బెల్లం. ఎంత బెల్లం వేసినా కాళ్లు నేల వదలడం లేదని తనే పగలబడి నవ్వుతోంది. మరుసటి ఏడు అమ్మ పోయింది. ఫోటోలేవని అడిగితే "డీ డ్రైవ్‌లో పెట్టుకోవాలి కదా సార్" అన్నాడు. ఒక్క మాట అడగడానికి నీ నోరు పడిపోయిందా? పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ పక్కనున్న ఒక్క టిక్కు తీయాల్సిన చోట మా అమ్మను తుడిచేశావు కదరా!

ఆ టిక్కు మొన్న నేనే తీశాను. పావు నిమిషం పట్టింది. ఈ రోజు పొద్దున అప్ టైమ్ ఆరు నిమిషాలు చూపించింది, ప్రింటర్ కూడా పలికింది. ఫోటోల ఫోల్డర్ ఉండే చోట ఇప్పుడు రీసైకిల్ బిన్ ఉంది. దాన్నీ ఒకసారి తెరిచి చూశాను.