‘వంద రూపాయల డబ్బాతో గీత మాయం’: ఆ మెసేజ్‌లో నిజం ఒక్క ముక్కే

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల కార్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ చేతులు మారుతోంది. అందులో ఉన్నది ఇది: “కారు మీద గీత పోవాలంటే వంద రూపాల రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా, పావుగంట పని. వెయ్యి అడిగేటోడు దొంగ. గీత ఎంత పొడుగుంటే అంత రేటు ఉండాలె, ఫోటో పంపితే రేటు చెప్పాలె. లేదంటే ఇంట్ల టూత్‌పేస్టు పెట్టి రుద్దుకోండ్రి, పోతది. కొందరైతే మైనం పూసి పోయిందంటరు, మూడు వాష్‌లకు మళ్ల కనబడ్తది.” ఇందులో చివరి మాట ఒప్పుకోవాల్సిందే. మిగతావి నిలబడవు.

ముందు పొడుగు సంగతి. దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లె దారుల్లో ఎదురుగా ట్రాక్టరొస్తే కారు పక్కకు దించాలి. సర్కారు తుమ్మ కంప రెండు డోర్లనూ వెనక ఫెండర్‌నూ కలిపి గీరేస్తుంది. ఐదారడుగుల పొడుగున పది పన్నెండు తెల్లటి గీతలు. చూడగానే గుండె గుభేలుమంటుంది. కానీ వాటి మీద నీళ్లు చల్లితే చాలామటుకు కనబడవు, గోరు అడ్డంగా లాగితే తగలదు. అంటే అవి రంగు పైనున్న పారదర్శక పొరలోనే, అంటే క్లియర్ కోటులోనే ఉన్నాయి. వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్న గరుకు కాగితం) దాకా పోనక్కర్లేదు, మిషన్‌తో కాంపౌండ్ (అరగదీసే పేస్టు), ఆ తర్వాత పాలిష్ కొడితే అయిపోతుంది. అదే అంగడి దగ్గర ఎవరో తాళంచెవితో గీకిన రెండంగుళాల గీత చూడండి. గోరు టక్కున ఆగుతుంది, తడిపినా లోపల ప్రైమర్ (రంగు కింద వేసే పొర) బూడిద రంగు కనబడుతూనే ఉంటుంది. దాన్ని రుద్ది తీయడం ఎవరి వల్లా కాదు. పోయిన రంగు రుద్దితే రాదు, వేయాలి. అడుగుకింత అని కొలిచేవాళ్ల లెక్కలో కంప గీతలకు ఎక్కువ, తాళంచెవి గీతకు తక్కువ పడుతుంది. పని మాత్రం సరిగ్గా తలకిందులు. రేటు తేల్చేది లోతు, ఆ తర్వాత ఏ భాగం మీద ఉందన్నది.

ఆ లోతు ఎంతో తెలిస్తే మిగతా లెక్క అర్థమవుతుంది. కంపెనీ పెయింటు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కింద ప్రైమర్ పొరలు, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన 35 నుంచి 50 మైక్రాన్ల క్లియర్ కోటు. తల వెంట్రుక మందంలో అది ఇంచుమించు సగం. పాలిష్ పట్టడమంటే గీతను పూడ్చడం కాదు. పొలంలో గుంతను మట్టితో నింపకుండా, చుట్టూ ఉన్న నేలనంతా చెక్కి గుంత మట్టానికి దించినట్టు. 2000 నంబర్ వాటర్ పేపర్ ఒకసారి పడితే కొన్ని మైక్రాన్లు పోతాయి, దాని గరుకు తీయడానికి కాంపౌండ్ పడితే ఇంకొన్ని. ఎండను ఆపేది కూడా ఈ పొరే. మే నెల ఎండలో రోజంతా నిలబడే కారుకు దాన్ని పలచన చేసి పంపిస్తే, కొన్నేళ్లకు బోనెట్, టాపు మీద పొట్టు లేస్తుంది. అందుకే గీతలో పది శాతం మిగిలినా పర్వాలేదని ఆగిపోవడం కూడా పనితనమే.

ఇక పావుగంట పని అన్నది. గోరు కొద్దిగా తగిలే గీత ఒకటి ముందు డోరు మీద ఉందనుకుందాం. కడగడం, ఆరబెట్టడం 20 నిమిషాలు. బోరు నీళ్లు ఆరిపోతే తెల్ల మరకలు పడతాయి కాబట్టి వెంటనే తుడవాలి. క్లే (మెత్తటి మట్టి ముద్దలాంటిది) పట్టి ఇసుక రేణువులు లాగడం 10, హ్యాండిల్, రబ్బరు బీడింగు, డోరు అంచులకు టేపు వేయడం 10, పెయింటు మందం కొలిచే గేజుతో నాలుగైదు చోట్ల చూడడం 5. గేజు 110 మైక్రాన్లు చూపితే కంపెనీ పెయింటు. 250 దాటితే మళ్లీ వేసిన పెయింటు కావచ్చు, 600 దాటితే కింద పుట్టీ ఉండొచ్చు. 80 చూపితే ఇదివరకే బాగా అరగదీశారని అనుమానించి వాటర్ పేపర్ పక్కన పెట్టాలి. గేజు చెప్పేది అన్ని పొరల మొత్తమే, క్లియర్ కోటు ఒక్కదాన్ని విడిగా చెప్పదు. ఆ తర్వాత 2000, 3000 పేపర్లతో తడిపి రుద్దడం 15, అడుగున్నర చదరంలో మిషన్‌తో కాంపౌండ్ 25, పాలిష్ 15, తుడిచి లైటు కింద చూడడం 20. మొత్తం రెండు గంటలు. ఎండలో నిలబెట్టి చేస్తే కాంపౌండ్ పెయింటు మీదే ఎండి పొడై, కొత్త గీతలు పెడుతుంది. నీడలో చల్లారేదాకా ఆగే టైము ఈ లెక్కలో లేదు.

వంద రూపాయల డబ్బా సంగతి కూడా లెక్కేద్దాం. ఒక చిన్న షెడ్డుకు నెలకు అద్దె 12,000, కరెంటు నీళ్లు 4,000, ఇద్దరు పనివాళ్లకు 36,000, మిషన్ల అరుగుదల 3,000, ఓనరు ఇంటి ఖర్చుకు 30,000 అనుకుంటే 85,000. 26 రోజులు, ఇద్దరూ చెరో ఐదు గంటలు డబ్బులొచ్చే పని చేస్తే 260 గంటలు. గంటకు దాదాపు 327. రెండు గంటలకు 654, కాంపౌండ్, పేపర్లు, టేపు, గుడ్డ, ప్యాడ్ అరుగుదల కలిపి 120. మొత్తం 774. దీని మీద చెడిపోతే భరించడానికి 15 శాతం కలిపితే 890. జీఎస్టీ కట్టే షాపైతే 18 శాతంతో 1,050. డబ్బా ధర ఇందులో ఎక్కడో మూలన ఉంది.

ఆ 15 శాతం మీద పేచీ పెట్టేవాళ్లుంటారు. డోరు మధ్యలో ఉబ్బెత్తు మడత ఉంటుంది కదా, అక్కడ, అంచుల దగ్గర పెయింటు పలచగా ఉంటుంది. తిరిగే మిషన్ రెండు సెకన్లు ఎక్కువ ఆగిందంటే క్లియర్ కోటు దాటి రంగు ప్యాడ్‌కు అంటుకుంటుంది. అక్కణ్నుంచి డోరంతా పెయింటు వేయించాల్సిందే, మెటాలిక్ రంగైతే తేడా కనబడకుండా పక్క భాగం మీదికీ కలపాలి. బంపర్ ప్లాస్టిక్, వేడిని బయటికి పోనివ్వదు. పైన పెయింటు మెత్తబడి సాగుతుంది. మామూలు గేజు దాని మీద పనిచేయదు కూడా. బంపర్‌కు రేటు ఎక్కువ చెప్తే అందుకే.

ఫోటో చూసి రేటు చెప్పమంటే ఒక అంచనా చెప్పొచ్చు, ఖాయం చేయలేం. బంపర్ మీద తెల్లటి గీత ఫోటోలో లోతుగా కనబడుతుంది. దగ్గరికొచ్చి చూస్తే ఎదుటి కారు రంగో, గోడ సున్నమో అంటుకుని ఉంటుంది. క్లే, కొంచెం సాల్వెంట్ పట్టిస్తే పది నిమిషాల్లో పోతుంది. దానికీ వెయ్యి గుంజే షాపుల మీద మెసేజ్ రాసినాయన కోపం న్యాయమే.

టూత్‌పేస్టులో ఉండేది పళ్ల కోసం వేసిన సిలికా, సుద్ద. సన్న గీతల్ని కాస్త మసకబారుస్తుంది, నల్ల కారు మీదైతే అరచేయంత మబ్బు మచ్చ మిగుల్తుంది. ఆ మచ్చ తీయడానికి మళ్లీ మిషన్ కావాలి.

ఇన్సూరెన్సులో ఉత్తగనే చేయించుకోండని కింద కామెంట్లు. ప్రైవేటు కారుకు 1500 సీసీ దాకా తప్పనిసరిగా మన జేబులోంచి పోయేది 1,000, ఆపైన 2,000. ఒక్క క్లెయిమ్ పెట్టినా వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఆ బోనస్ సొంత డ్యామేజీ ప్రీమియం మీద 50 శాతం తగ్గింపు. వెయ్యి రూపాయల గీతకు క్లెయిమ్ పెడితే ఉత్తగ అయ్యేదేం లేదు.

మైనం సంగతి నిజమే. గ్లేజు, వ్యాక్సు నూనెలు గీతలో నిండి దాన్ని దాచేస్తాయి (దీన్నే ఫిల్లింగ్ అంటారు), కడిగేకొద్దీ బయటపడుతుంది. డబ్బులిచ్చే ముందే తేల్చుకోవాలి: ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, నీళ్లు ఆరు వంతులు కలిపి గీత ఉన్నచోట చల్లి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవమనండి. తర్వాత ఫోన్ లైటు ఏటవాలుగా పట్టి చూడండి. నిజంగా చెక్కి తీసేసిన గీత తిరిగి రాదు. తుడవనంటే మాత్రం, “ఇది ఫిల్లింగే కదా అన్నా” అని ఆ రేటే కట్టండి.