గీతలు మార్చి గెలుపా?

టెక్సాస్ పాలకపక్షమైన రిపబ్లికన్ పార్టీ తనకు నచ్చినట్టు గీసుకున్న అమెరికా పార్లమెంటు (ప్రతినిధుల సభ) నియోజకవర్గాల పటంతోనే 2026 ఎన్నికలు జరుపుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2025 డిసెంబర్ 4న పచ్చజెండా ఊపింది. నల్లజాతి, లాటినో ఓటర్లను జాతి చూసి విడదీశారని టెక్సాస్‌లోని ఎల్ పాసోలో ఫెడరల్ కోర్టు ధర్మాసనం 2-1 తేడాతో ఇచ్చిన ఉత్తర్వును పక్కన పెట్టేసింది. ఆ ఉత్తర్వు రాసిన జడ్జి ట్రంప్ నియమించినవారే కావడం విశేషం.

సుప్రీంకోర్టు ఉత్తర్వుకు అక్కడి జడ్జి జస్టిస్ అలీటో జతచేసిన నాలుగు మాటలే మరీ దారుణం. టెక్సాస్ అయినా, కాలిఫోర్నియా అయినా పటం మార్చింది పార్టీ లాభం కోసమేనట! దొంగ ‘నేను దోచింది ఆస్తి కోసమే, పగతో కాదు’ అంటే వదిలేసినట్టుంది. పార్టీ స్వార్థంతో గీసే గీతల్లో ఫెడరల్ కోర్టులు తలదూర్చవని 2019లో ఈ కోర్టే తేల్చింది. అప్పటినుంచీ స్వార్థం నేరం కాకుండా పోయింది. ఇప్పుడు అదే రక్షణ కవచమైంది.

ఒక్కసారికే కదా అనుకునేవారు 2003ను గుర్తుచేసుకోవాలి. పదేళ్లకోసారి జనగణన అయ్యాక గీయాల్సిన పటాన్ని ఇదే టెక్సాస్‌లో రిపబ్లికన్ నేత టామ్ డిలే చొరవతో జనగణనతో పనిలేకుండా మార్చారు. సభకు కోరం (కనీస హాజరు) లేకుండా చేయడానికి డెమోక్రాట్ శాసనసభ్యులు పక్క రాష్ట్రం ఓక్లహామాకు పరుగెత్తారు. అయినా మరుసటి ఏడాది రిపబ్లికన్ల సీట్లు 15 నుంచి 21కి చేరాయి. పదేళ్ల మధ్యలో మార్చడం తప్పేమీ కాదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆనాడు వదిలేసిన తప్పే ఈనాడు ఆనవాయితీ అయింది. 2025లో 38లో 25 సీట్లున్న పార్టీ మరో అయిదు కావాలంది. మిస్సోరీ, నార్త్ కరోలినా వెంటనే అదే బాట పట్టాయి.

టెక్సాస్ చేశాక చేతులు ముడుచుకు కూర్చోవాలా అన్న కాలిఫోర్నియా డెమోక్రాట్ గవర్నర్ న్యూసమ్ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ రాష్ట్ర ఓటర్లే 2010లో పార్లమెంటు సీట్ల పటం గీసే పనిని పార్టీల చేతుల్లోంచి లాగి పౌరుల కమిషన్‌కు అప్పగించారు. ఆ ఓటర్లతోనే 2025 నవంబర్ 4న కమిషన్ పటాన్ని పక్కన పెట్టించారు. 2030 ఎన్నికల దాకా తాత్కాలికమేనట. తాత్కాలిక సచివాలయాలు చూసిన మనకు ఆ మాట విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక 2025 ఆగస్టులో కోరం దెబ్బతీయడానికి టెక్సాస్ డెమోక్రాట్లు తలదాచుకున్నదెక్కడ? ఇల్లినాయిలో! 17 సీట్లలో 14 తమ పార్టీకే దక్కేలా డెమోక్రాట్లు మెలికలు తిప్పిన రాష్ట్రమది. గురివింద గింజకు తన నలుపు కనబడదంటే ఇదే. అక్కడి గవర్నర్ పక్కన నిలబడి ప్రజాస్వామ్యం గురించి ఉపన్యాసాలిస్తుంటే ఒక్కరికీ నవ్వు రాలేదా? టీవీ చానెళ్లేమో టెక్సాస్‌లో అయిదు, కాలిఫోర్నియాలో అయిదు అంటూ ఆట స్కోరు చదువుతున్నాయి. ఎవరి వీధి ఏ నియోజకవర్గంలోంచి ఏ నియోజకవర్గంలోకి పోయిందో, ఆ ఓటరు పొద్దున ఎవరి గడప తొక్కాలో చెప్పే తీరిక వాటికి లేదు. డాలస్ శివార్లలో పౌరసత్వం సంపాదించుకుని తొలిసారి ఓటు వేయబోయే మన తెలుగువారి బాధా ఇదే. ఓటు చేతికొచ్చేసరికి ఫలితం టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో కాగితం మీద తేలిపోయింది.

ఇండియానాలో మాత్రం కథ అడ్డం తిరిగింది. ఆ రాష్ట్ర సెనేట్‌లో 50 సీట్లకు 40 రిపబ్లికన్లవి. పార్టీ అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లో ఓడిస్తానని ట్రంప్ హెచ్చరించారు. కొందరు సభ్యులకు బెదిరింపులూ వచ్చాయి. అయినా 2025 డిసెంబర్ 11న 21 మంది రిపబ్లికన్లు డెమోక్రాట్లతో కలిసి కొత్త పటాన్ని 31-19తో ఓడించారు. ఆపాటి సిగ్గు ఆస్టిన్‌లో ఏమైంది? కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో ఏమైంది? రేపు 2030 జనగణన అయ్యాక, పటాలు పదేళ్లకోసారే గీయాలని ఈ రెండు పార్టీల పెద్దలు ఏ మొహం పెట్టుకుని చెబుతారు?