పాత క్యాంపర్ బండిని స్థిరాస్తిగా ప్రకటించాలి

చక్రాలున్నదల్లా చరాస్తి అనే మూఢనమ్మకం మన రెవెన్యూ వ్యవహారాల్లో ఇంకా చెలామణిలో ఉండడం విచారకరం. కోనసీమలో మా బావగారి కొబ్బరితోటలో ఇటుకల మీద కొలువుదీరిన 1973 నాటి ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్‌ను కళ్లారా చూసినవారెవరికీ ఆ భ్రమ మిగలదు.

లోపల మంచం, పొయ్యి, సింకు ఉన్నాయి కనుక అది ఇల్లు; ఇల్లు కనుక వానకు కారుతుంది. పైకి లేచే కప్పు చుట్టూ ఉన్న కాన్వాసు, శ్రావణమాసపు ముసురుకు నాని, కుట్ల వెంట నీటిని సరిగ్గా మంచం నడుమకు చేరవేస్తుంది. అక్కడ మా అక్కయ్య ఒక స్టీలు గిన్నెను శాశ్వత ప్రాతిపదికన నియమించింది.

ఇంజను వెనక ఉంటుంది, గాలితోనే చల్లబడుతుంది. అడుగడుక్కీ కాలువ పారే సీమలో నీళ్లడగని ఇంజనును ఎంచుకోవడం బావగారి దూరదృష్టికి నిదర్శనం.

ఇక తుప్పు సంగతి. ఉప్పుగాలి రంగు అందని చోటే తినడం మొదలుపెడుతుంది. టింకరింగు మేస్త్రి తలుపు కింది అంచును స్క్రూడ్రైవరుతో పొడిచి చూడగా అది పిడిదాకా దిగింది. "రేకు లేదండి, రంగొక్కటే ఉందండి" అని ఆయన వినయంగా విన్నవించాడు. కొత్త రేకు అతకాలంటే ఉన్న రంగు గీకాలి, గీకితే బండి ఉండదు. అందువల్ల ఏటా రంగు మీద రంగు వేయడమే నిర్వహణ విధానంగా స్థిరపడింది. నీడన నిలుపుదామంటే, కాయ రాలని నీడ ఆ తోటలో లేదు.

చట్టం మాత్రం ముందే మేలుకుంది. 50 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులకు లోనుకాని బండ్లకు 20,000 రూపాయల రుసుముతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చేలా కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. నిత్యవాడకానికి రోడ్డెక్కరాదు గానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనానికి, మరమ్మతులకు వెళ్లవచ్చు. బావగారి బండి పుట్టి బుద్ధెరిగాక మరమ్మతుకు తప్ప మరెక్కడికీ వెళ్లలేదు కనుక, ఈ ఆంక్షను అక్షరాలా పాటిస్తున్న పౌరుడు ఆయనే.

కాబట్టి పంచాయతీ దీనికి తక్షణం డోరు నంబరిచ్చి ఇంటిపన్ను విధించాలి. దస్తావేజులో హద్దులు ఇలా రాసుకోవచ్చు: తూర్పున పంటబోదె, దక్షిణాన కొబ్బరికాయల రాశి, పడమర పశువుల పాక, ఉత్తరాన మేస్త్రిగారి బాకీ. రాకపోకల హక్కు గురించి ప్రత్యేకంగా రాయనక్కరలేదు; సదరు ఆస్తికి ఆ అవసరం ఇంతవరకు రాలేదు.