సవరణ: అన్నిటికీ ఇంపాక్ట్ డ్రైవర్ ఒక్కటే చాలదండి

మొన్న నేను రాసినదాంట్లో ఇంపాక్ట్ డ్రైవర్ (లోపల దెబ్బలు కొడుతూ స్క్రూలు బిగించే మెషీన్) ఒక్కటి కొనుక్కుంటే చెక్కపనికి ఇంక డ్రిల్ అక్కర్లేదన్నాను, అది తప్పండి, దయచేసి అది చదివి ఎవరూ కొనెయ్యకండి. నిన్న అమలాపురంలో మా చిన్నాన్న గారింట్లో టేకు తలుపుకి ఇత్తడి బందులు ఆ ఇంపాక్ట్‌తో బిగిస్తుంటే మూడో ఇత్తడి స్క్రూ తల టక్‌మని తెగిపోయి కాడ చెక్కలోనే ఉండిపోయింది, దాన్ని పీకడానికి గంట పట్టింది, పక్కన చెక్క కూడా లేచిపోయింది.

ఏంటంటే డ్రిల్‌కి మెడ దగ్గర అంకెలున్న క్లచ్ రింగు ఉంటది, మనం పెట్టిన బిగువు రాగానే కటకటమని జారి ఆగిపోద్ది. ఇంపాక్ట్‌లో మామూలుగా ఆ రింగు ఉండదు, లోపలి సుత్తి తిరిగే వైపుకే కొడుతూనే ఉంటది. ఇత్తడేమో మెత్తన. ముందు డ్రిల్‌తో సన్న బెజ్జం వేసి, అదే సైజు ఇనప స్క్రూ ఓసారి ఎక్కించి తీసేసి, అప్పుడు ఇత్తడిది చేత్తో తిప్పుకోవాలి.

పెద్ద బెజ్జాలకీ డ్రిల్లే, దాని చక్ (బిట్టుని పట్టుకునే మూతి) 10 లేదా 13 మిల్లీమీటర్ల దాకా గుండ్రటి బిట్లు పడుతుంది, ఇంపాక్ట్‌కి పావంగుళం ఆరుపలకల కాడ ఉన్నవే ఎక్కుతాయి. తాటి దూలాలకి 4 అంగుళాల స్క్రూలు దింపడానికి మాత్రం ఇంపాక్టే, మణికట్టు మెలిపడదు, ఆ మాట మార్చట్లేదండి.