ఆవ చేనులో చదరపు మీటరుకు ఎన్ని మొక్కలు?

కాకతీయ కాలువ చివరి ఆయకట్టులో యాసంగి వచ్చిందంటే నీళ్ల టెన్షన్ మొదలవుతుంది. వరి వేస్తే ఆఖరి తడి అందుతుందో లేదో తెలియదు. అందుకే వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు ఆరుతడి పంటల మాట వచ్చినప్పుడు ఆవాల పేరు కూడా వినిపిస్తుంది. రెండు మూడు తడులు చాలు, మూడు మూడున్నర నెలల్లో చేతికొస్తుంది. 2025-26 రబీ మార్కెటింగ్ సీజనుకు మద్దతు ధర క్వింటాకు 5,950 రూపాయలుగా ప్రకటించారు. 2024 అక్టోబరులో కేంద్రం 10,103 కోట్లతో నూనెగింజల మిషన్‌కు ఆమోదం కూడా తెలిపింది. పంట వేయమనడానికి కారణాలకు కొదవ లేదు. ఎలా వేయాలన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం సలహా ఒక్క ముక్కలో తేలిపోతుంది: ఎకరానికి రెండు కిలోల విత్తనం. నా అభ్యంతరం ఆ ఒక్క ముక్క మీదే.

లెక్క వేసి చూద్దాం. వెయ్యి ఆవగింజలు తూచితే సుమారు నాలుగైదు గ్రాములు ఉంటాయి. అంటే రెండు కిలోల్లో తక్కువలో తక్కువ నాలుగు లక్షల గింజలు. సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు పెడితే చదరపు మీటరుకు 33 మొక్కలు, ఎకరానికి లక్షా 35 వేలు. నాలుగు లక్షల్లో ముప్పావు వంతు మొలిచినా కావలసిన దానికి రెట్టింపు దాటుతాయి. మిగతావి పదిహేను ఇరవై రోజులకల్లా పీకేయాలి. సాళ్లలో వేస్తే ఆ పని తేలిక, మధ్యలో గుంటుక కూడా తోలుకోవచ్చు. చల్లిన చేనులో ఏది పీకాలో, ఏది ఉంచాలో కూలీకి చెప్పడమే కష్టం. అందుకే చాలామంది పీకించరు.

చల్లిన చేనులో నాలుగు కర్రలు పాతి చదరపు మీటరు గడి కట్టి లెక్కపెట్టండి. ఒకచోట అరవై దాటుతాయి, నాలుగడుగుల అవతల పదైనా ఉండవు. పదునున్న చోట పడ్డవి మొలుస్తాయి, పైపైన పడ్డవి ఎండిపోతాయి, లోతుకు పోయినవి బయటికే రావు. గట్టు పక్కన మాత్రం ఒక మొక్క విడిగా, బొటనవేలంత కాండంతో, చుట్టూ కొమ్మలేసి నిండా కాయలతో ఉంటుంది. రైతు మనకు చూపించేది దాన్నే: ‘జూడుండ్రి సారూ, పల్చగుంటే ఎట్ల కాసిందో!’ ఆయన చెప్పింది ఆ మొక్క వరకు నిజమే. కానీ దిగుబడి తూకం మొక్కకు కాదు, నేలకు. ఆ మొక్క చుట్టూ ఖాళీగా ఉన్న నేల ఏమీ ఇవ్వలేదు.

ఆవ మొక్కకు సర్దుకునే గుణం బాగా ఉంది. పలుచగా ఉంటే కొమ్మలేసి లోటు పూడ్చుకోవాలని చూస్తుంది. కాకపోతే కొమ్మల కాయలు ప్రధాన కాండం కాయల కన్నా ఆలస్యంగా వస్తాయి. చలి సాగే ఉత్తరాదిలో ఆ ఆలస్యాన్ని కొంత భరించొచ్చు. మన దగ్గర ఫిబ్రవరి రెండో పక్షానికే ఎండ ముదురుతుంది, చివరి కాయల్లో గింజ నిండక ముందే తోలు కడుతుంది. కోతకొచ్చేసరికి కింది కాయలు పగిలి రాలుతుంటాయి, పై కొమ్మలు ఇంకా పచ్చగానే ఉంటాయి. కాబట్టి ఇక్కడ కొమ్మలను నమ్ముకోవడం కన్నా, మొక్కలు కాస్త దగ్గరగా పెట్టి ప్రధాన కాండం మీదా తొలి కొమ్మల మీదా కాయలు రాబట్టుకోవడమే మేలు. పంట ఒక్కసారే పండితే మిషన్ కోతకూ వీలవుతుంది.

అలాగని ఒత్తుగా వదిలేయమని కాదు. మొక్కలు మరీ కిక్కిరిస్తే కింది ఆకులకు వెలుతురందక రాలిపోతాయి, కాండం సన్నబడి చేను పడిపోతుంది. యూరియా ఎక్కువైతే మరీను. రసం పీల్చే పేనుబంక పురుగు కూడా మధ్యలో ముసిరేదాకా కంటపడదు. ఈ రెండు కొసల మధ్య, చదరపు మీటరుకు పాతిక నుంచి నలభై దాకా దిగుబడిలో పెద్ద తేడా ఉండదని నా అభిప్రాయం. తేడా తెచ్చేది సమంగా ఉండటం. పై లెక్కలో అరవై, పది కలిపి సగటు తీస్తే ముప్పై అయిదే వస్తుంది. కాగితం మీద అది చక్కటి చేను.

వరి తర్వాత రేప్‌సీడ్ (ఆవ జాతి నూనెగింజ) వేసే చైనా యాంగ్జీ లోయ అనుభవం మనకు బాగా పనికొస్తుంది. అక్కడ వరి కోత ఆలస్యమవుతుందని, మడిలో వరి ఉండగానే వేరేచోట నెల రోజులు నారు పెంచి, కోతయ్యాక నాటేవారు. ముదురు నారు, దూరం దూరంగా, చదరపు మీటరుకు పది పన్నెండు మొక్కలు, ఒక్కోదానికి బోలెడు కొమ్మలు. కూలీలు దొరకడం తగ్గాక యంత్రంతో నేరుగా విత్తడానికి మారారు. ఆలస్యంగా, నేరుగా విత్తిన మొక్క చిన్నది, కొమ్మలు తక్కువ. అందుకే మొక్కల సంఖ్యను నలభై దాకా పెంచారు. పద్ధతి మారితే సాంద్రత కూడా మారాలని వాళ్లకు పొలమే నేర్పింది. పాత దూరాలతోనే నేరుగా విత్తి ఉంటే నేల సగం ఖాళీగా మిగిలేది.

బిహార్‌లో ఆవాలకు నారు పోసి దూరంగా నాటే పద్ధతిని ప్రచారం చేశారు. గుంట, అరెకరంలో ఇంటిల్లిపాదీ చేసుకుంటే బాగానే ఉంటుంది. మనకు వరి నాట్లకే బిహార్, బెంగాల్ నుంచి కూలీలు రావాల్సి వస్తోంది. ఎకరానికి వేల మొక్కలు చేత్తో నాటమంటే ఏ రైతూ ముందుకు రాడు, రమ్మనడం న్యాయం కూడా కాదు.

మనకు కావలసింది విత్తే తేదీని బట్టి, పద్ధతిని బట్టి మారే సిఫారసు. అక్టోబరులో సాళ్లలో పడితే 30కి 10 సరిపోతుంది. వరి కోసి నవంబరు మొదటి వారంలో విత్తేవాళ్లు అదే సాలు ఉంచి మొక్కల మధ్య దూరం 8కి తగ్గిస్తే చదరపు మీటరుకు 41 వస్తాయి, ఇది జగిత్యాల, వరంగల్ పరిశోధన స్థానాల్లో పక్కపక్క మడుల్లో వేసి తేల్చాల్సిన విషయం. నవంబరు మధ్య దాటితే ఆవాలు వద్దని సూటిగా చెప్పాలి, ఎందుకంటే పేనుబంక, ఎండ రెండూ కలిసే వస్తాయి. మక్క గింజలు వేసే డ్రిల్లులో (విత్తే యంత్రంలో) ఆవాలు పోస్తే కుప్పగా పడతాయి. చిన్న గింజకు సరిపడే ప్లేట్లున్న డ్రిల్లులు అద్దెకు అందుబాటులో ఉంచాలి, అవి లేనిచోట పొడి ఇసుక కలిపి గొర్రు వెంట రెండు మూడు సెంటీమీటర్ల లోతులో వేయించాలి. ఇక ఏఈవోలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) విత్తిన ఇరవయ్యో రోజున చేనుకెళ్లి, అయిదారు చోట్ల గడి పెట్టి, సగటుతో పాటు ఎక్కువ తక్కువలు కూడా రైతు ముందే రాయాలి. ఆ రోజైతే ఒత్తు మొక్కలు పీకించడానికి ఇంకా టైం ఉంటుంది.