పురానాపూల్ చేసిన ద్రోహం

హైదరాబాద్ అభివృద్ధికి అడ్డుపడుతున్నవాళ్ల జాబితా రాయమంటే నేను మొదట పురానాపూల్ పేరే రాస్తాను. ఈ వంతెనను 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా మూసీ మీద కట్టించాడు. 1908 వరదకు కూడా లొంగలేదు. నాలుగున్నర శతాబ్దాలు కావస్తున్నా, కూలిపోయి కొత్త టెండరు పుట్టించిన పాపాన పోలేదు. ఇలాంటి వంతెనలు ఇంకో పది ఉంటే కాంట్రాక్టర్లు పిల్లల్ని ఎలా చదివించుకోవాలి?

తప్పంతా ఆనాటి మేస్త్రీలది. రాయి, గానుగలో తిప్పిన డంగు సున్నం, అందులో బెల్లం, మారేడు గుజ్జు! పైగా ఆ సున్నం గట్టిపడుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను వెనక్కి పీల్చుకుంటుంది. ఎంత పిసినారితనం! మన సిమెంటుకు ఆ బుద్ధి తక్కువ. సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల దాకా కాలుస్తాం. బొగ్గు పొగ సరే, అసలు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా ఆ రాయిలోంచే బయటికొస్తుంది. కొలిమిని సోలారు మీద నడిపినా అది ఆగదు. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటుదే.

అందుకని మనవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. థర్మల్ కేంద్రాల బూడిదను సిమెంటులో 35 శాతం దాకా కలపొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటున్నాయి. తారులో ప్లాస్టిక్ చెత్త కలిపి రోడ్డేస్తారు. పక్కనే ఆకుపచ్చ రంగు ఫ్లెక్సీ కడతారు. (ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే, కానీ దాన్ని తారులో కలపరు, అందులో నాయకుడి బొమ్మ ఉంటుంది.) పండగ వెళ్లకముందే పైపులైనువాళ్లొచ్చి ఆ రోడ్డు తవ్వుతారు. వాళ్లు పూడ్చాక కేబులువాళ్లొస్తారు.

దీన్ని సమన్వయలోపం అనేవాళ్లకు దూరదృష్టి లేదు. జీడిమెట్లలో, ఫతుల్లగూడలో భవన శిథిలాలను పిండి చేసి ఇసుక, కంకర తీసే ప్లాంట్లు పెట్టుకున్నాం. మంచి పనే. మరి వాటికి రోజూ మేత ఎవరు వెయ్యాలి? నిక్షేపంలాంటి ఇళ్లు కూల్చి, నిన్నటి రోడ్డు తవ్వి, మనమే వెయ్యాలి.

ఉన్నదాన్ని బాగుచేసి వాడుకోవడమే కర్బనం తక్కువయ్యే పని అంటారు కొందరు ఇంజనీర్లు. నిజమే. కానీ దానికి రిబ్బను ఎక్కడ కట్టాలి?

కనుక నా విన్నపం ఒక్కటే. ఇకపై శంకుస్థాపన నాడే కూల్చివేతకూ ముహూర్తం పెట్టించాలి. శిలాఫలకం ఒక్కటి చాలు. వెనకవైపు రెండో తేదీ చెక్కిస్తే గ్రానైటు ఆదా.